ఏడు వారాల డబ్బా

ఈ అనుభవం రాయాలా వద్దా అని నెల రోజులు తటపటాయించాను. మదురై, కోయంబత్తూరు వైపు తెలుగు మాట్లాడే ఇళ్లకు వెళ్లాలనుందని, దారి చెప్పమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నాను. దారీ చెబుతాను, ఆ దారిలో నేను చేసిన తప్పూ చెబుతాను. అసలు ప్రయాణం మొదలైంది నా విరిగిన చేతి వల్ల. పోయినేడు వానలో స్కూటర్ జారి కుడి మణికట్టు విరిగింది, ఎడమ బొటనవేలు బెణికింది. కట్టుతో ఉన్న రెండు నెలలూ నొప్పి కంటే ఎక్కువ ఏడిపించింది మాత్రల అట్ట. వెనక నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కితే గాని మాత్ర బయటికి రాదు, నాకేమో నొక్కడానికి వేలు లేదు. పళ్లతో చింపాను. సగం మాత్రలు సోఫా కింద తేలేవి. హైదరాబాదులో ప్లాస్టిక్ సామాన్లు డిజైన్ చేయడం నా ఉద్యోగం. పదిహేనేళ్లుగా డబ్బాలకు మూతలు గీస్తున్న మనిషిని ఒక్క మాత్ర తీసుకోలేకపోయానంటే సిగ్గేసింది. కట్టు విప్పిన వారంలోనే పనిలో కూర్చున్నాను.

నేను చేసిన డబ్బాకు ఏడు గదులు, ఏడు మూతలు. మూతకు వెడల్పాటి రెక్క ఉంటుంది. వేళ్లు వంగకపోయినా పిడికిలితోనో మోచేత్తోనో అదిమితే లేస్తుంది. గది అడుగు ఏటవాలు, మాత్ర దానంతట అదే జారి ముందున్న తొట్టిలో పడుతుంది. కింద రబ్బరు అతికించాను, బల్ల మీద కదలదు. కోయంబత్తూరులో ఫిజియోథెరపీ చేసే నా స్నేహితురాలు, చేతులు సరిగ్గా పనిచేయని ఆరుగురి పేర్లు ఇచ్చింది. అందరూ ఎన్నో తరాల కిందట తమిళనాడుకు వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు చదవలేరు కాబట్టి మూతల మీద రోజుల పేర్లు తమిళ అక్షరాల్లోనే అచ్చు వేయించి, ఆరు డబ్బాలూ పార్సిల్ పంపాను. ఎలా వాడాలో తమిళంలో తాను చెబుతానంది స్నేహితురాలు. నేను ఒప్పుకోలేదు. మన భాషలో మనం చెబితే ఆ దగ్గరతనమే వేరని నా నమ్మకం. ఆరుగురికీ ఫోన్ చేసి నేనే చెప్పాను. అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది కోయంబత్తూరు సింగానల్లూరులో ఉండే రాజమ్మాళ్ గారితో. అరవై ఎనిమిదేళ్లు, నన్ను కణ్ణు అని, మనం కన్నా అన్నట్టు, పిలిచేవారు. ముప్పై ఏళ్లు మిల్లులో తెగిన నూలుపోగులు ముడి వేసిన చేతులు ఇప్పుడు కీళ్లవాతంతో వంకర తిరిగిపోయాయి. పక్కింటి ధనలక్ష్మిని పిలవకుండా తన మాత్ర తాను తీసుకోవాలన్నది ఆవిడ పట్టుదల.

బుధవారం పొద్దున ఆరున్నరకు మదురై జంక్షన్‌లో దిగాను. హైదరాబాదు నుంచి చెన్నైకి ఒక రైలు, అక్కడి నుంచి మదురైకి ఇంకో రైలు పట్టుకోవడం నాకు సులువనిపించింది. స్టేషన్ ఎదురుగా ఇడ్లీ, కాఫీ అరవై రూపాయల్లో అయిపోయాయి. అక్కడి నుంచి పడమటి మాసి వీధికి నడక పావుగంట. రంగసామి గారి ఇల్లు ఆ వీధిలోంచి చీలిన సందులో ఉంది. ఒకప్పుడు చుంగిడి చీరల, అంటే ముడులేసి చుక్కల అద్దకం వేసే చీరల కొట్టు నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. నేను వెళ్లేసరికి డబ్బా బల్ల మీద సిద్ధంగా ఉంది. నన్ను కూర్చోబెట్టి, ఎడమ మోచేత్తో రెక్క అదిమి, తొట్టిలో పడిన రెండు మాత్రలను అరచేతిలోకి ఒంపుకుని చూపించారు. ఆయన భార్య సరోజమ్మాళ్ ఇంతకుముందు మాత్ర కోసం తనను రోజుకు నాలుగుసార్లు కేకేసేవారని, ఇప్పుడు ఇల్లు చల్లగా ఉందని వెక్కిరించింది. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను.

కాఫీ తాగుతుండగా ఆయన, "ఏ వారము ఊరికి మళ్ళుతారు?" అని అడిగారు. ఈ వారమే అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి ఆశ్చర్యపోయారు. "ఇప్పుడే కద వచ్చినారు, ఈ పొద్దే మళ్ళేదా? ఒక రెండు దినాలు ఉండి పోండి" అన్నారు. నాకు ఒక నిమిషం బోధపడలేదు. వాళ్లింట్లో వారం అంటే ఆదివారం, సోమవారం అనే రోజు పేరు. తమిళంలో కిళమై అనేదాన్ని వాళ్లు వారం అంటారు. మనం వారం అనే ఏడు రోజుల లెక్కను ఏడు దినాలు అనే చెప్పుకుంటారు. "మీ డబ్బాలో ఏడు వారాలు ఉండాయి కదమ్మా" అని మూతలు చూపించి నవ్వారు. నాకూ ముచ్చటేసింది. ఎంత పాత వాడుక ఎంత పదిలంగా ఉందో అనుకుంటూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పక్కన చిన్న పువ్వు కూడా గీశాను, అంత తెలివితక్కువదాన్ని.

అక్కడి నుంచి ఆరప్పాళయం బస్టాండుకు ఆటో ఎనభై అడిగితే ఇచ్చాను. కోయంబత్తూరు వెళ్లే ప్రభుత్వ బస్సు తొమ్మిదింబావుకు కదిలింది. టికెట్ రెండు వందల లోపే, దిండిగల్, ఒడ్డన్‌ఛత్రం, ధారాపురం, పల్లడం మీదుగా ఐదు గంటల ప్రయాణం. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే దిండిగల్ వచ్చేదాకా కొండలు కనిపిస్తాయి. ఊళ్లోకి రాగానే తాళాల కొట్లు, ఇంకా పదకొండు కాకుండానే బిర్యానీ వాసన. తిరుగు ప్రయాణంలో తినాలనుకున్నాను. బస్సు ఊరు దాటాక మధ్యాహ్నం రాజమ్మాళ్ గారిని ఏమేం అడగాలో చూసుకుందామని నోట్‌బుక్ తెరిచాను. "వారం అంటే రోజు" అన్న నా రాత, పక్కన పువ్వు. దాని కింద రాజమ్మాళ్ గారి మాత్రల జాబితా. జాబితాలో మూడోది పసుపు రంగు చిన్న మాత్ర.

ఆ పసుపు మాత్ర సంగతి మీకు చెప్పాలి. కీళ్లవాతానికి ఇచ్చే ఆ మందు ఏడు రోజులకు ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే రక్తంలోని కణాలను తినేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. రాజమ్మాళ్ గారి డాక్టరు దాన్ని మంగళవారం మంగళవారం వేసుకోమన్నారు. ఇది నాకు తెలుసు. తెలిసే శనివారం నాడు ఫోనులో ఆవిడకు ఎంతో జాగ్రత్తగా చెప్పాను, ఒకటికి రెండుసార్లు చెప్పాను: "పసుపు మాత్ర వారానికి ఒకటే వెయ్యండి." ఏడు మూతల మీద ఏడు వారాల పేర్లున్న డబ్బా చేతికిచ్చి, వారానికి ఒకటి వెయ్యమన్నాను.

మన వైపు మాత్రం ఏడువారాల నగలు అనమూ? ఆదివారానికి ఒక నగ, సోమవారానికి ఒక నగ. ఆ మాట చిన్నప్పటి నుంచి నా నోట్లో నానుతూనే ఉంది. అయినా తట్టలేదు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. మూడోసారికి రాజమ్మాళ్ గారు ఎత్తారు. గొంతు ముద్దగా ఉంది. పసుపు మాత్ర ఎలా వేసుకుంటున్నారని అడిగాను.

"నీవు చెప్పినట్లే కణ్ణు. వారానికి ఒకటి. ఆదివారం ఒకటి, సోమవారం ఒకటి, నిన్న ఒకటి, ఈ పొద్దు టిఫన్ అయినాక ఒకటి."

నాలుగు. ఏమైనా తేడాగా ఉందా అని అడిగాను. నోరంతా పుండుగా ఉందని, మిరపకాయ ఎక్కువై ఉంటుందని నిన్నటి నుంచి పెరుగన్నమే తింటున్నానని తాపీగా చెప్పారు. డబ్బా మటుకు భలే సులువుగా తెరుచుకుంటోందని కూడా అన్నారు. ఆ మెప్పు వినలేకపోయాను. ఇంకొక్కటి కూడా వేసుకోవద్దని, వెంటనే ధనలక్ష్మి గారిని తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్లమని బతిమాలాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఆ యమ్మతో నాకు మాట లేదు" అన్నారు. ఎందుకంటే, డబ్బా నింపిపెట్టమని అడిగిన రోజు ధనలక్ష్మి పసుపు మాత్ర ఏడు గదుల్లో వెయ్యనని గట్టిగా చెప్పిందట. ఇద్దరికీ మాటామాటా పెరిగిందట. అప్పుడు ఈవిడ శనివారం మధ్యాహ్నమంతా ఒక్కతే కూర్చుని, అడకత్తెరతో అట్టలు కత్తిరించి, వేళ్లు కోసుకుని మరీ ఏడు గదులూ నింపుకున్నారు. డబ్బాను తెరవడం గురించి నెలల తరబడి ఆలోచించిన నాకు, దాన్ని ఎవరు నింపుతారన్న ఆలోచనే రాలేదు.

తప్పు నాదని, ధనలక్ష్మి గారే సరిగ్గా చెప్పారని, ఇది ప్రాణానికి ముప్పని చెప్పాను. నా గొంతు పెద్దదై బస్సులో అందరూ తిరిగి చూశారు. అవతల చెప్పుల చప్పుడు, తలుపు తట్టిన చప్పుడు వినిపించాయి. ఫోన్ ధనలక్ష్మి చేతికి వెళ్లింది. నేను తెలుగూ తమిళమూ కలిపి చెప్పిందంతా విని ఆవిడ తమిళంలో ఒక్క మాటే అంది: "నేను ఆ రోజే చెప్పాను." వెంటనే ఆటో పిలిచి, రాజమ్మాళ్ గారు ఎప్పుడూ చూపించుకునే ఆస్పత్రికి తీసుకెళ్లింది. మందుల అట్టలు కూడా పట్టుకెళ్లింది, నేను చెప్పకపోయినా.

ఆ మూడు గంటల దారి నాకు సరిగ్గా గుర్తులేదు. చూడదగినవి రాయమంటే రాయలేను. కండక్టర్ వచ్చి ఏమైందని తమిళంలో అడిగితే నాకొచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆయన నన్ను ముందు సీటుకు మార్చి, వెళ్లి డ్రైవర్ చెవిలో ఏదో అన్నాడు. ధారాపురంలో టీకి పది నిమిషాలు ఆగే బస్సు మూడు నిమిషాల్లో కదిలింది. టీ గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఎక్కినవాళ్లు కూడా ఎవరూ గొణగలేదు. రెండు కాకముందే సింగానల్లూరులో దింపారు.

ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ. రక్తపరీక్ష చేశామని, తెల్లకణాలు పడిపోవడం మొదలైందని, విరుగుడు మందు ఎక్కిస్తున్నామని చెప్పింది. ఇంకో మూడు రోజులు ఆగి ఉంటే ఇలా నిలబడి మాట్లాడుకునేవాళ్లం కాదంది. తర్వాత చీటీ చూసుకుంటూ, రోజూ వేసుకోమని ఎవరు చెప్పారని అడిగింది. నేనే చెప్పానన్నాను. నేను పేషెంటుకు ఏమవుతానని అడిగింది. ఏమీ కానని చెప్పాల్సి వచ్చింది.

రాజమ్మాళ్ గారు సెలైన్ పెట్టిన చేత్తోనే నన్ను దగ్గరికి పిలిచారు. పెదవులు పగిలి రక్తం ఎండి ఉంది. క్షమించమని అడగబోతే వద్దన్నారు. నోరు పుండు పడ్డాక అయినా ఎందుకు ఆపలేదమ్మా అని అడిగాను. ఇన్నేళ్లుగా డాక్టరు చెప్పింది, పక్కింటావిడ చెప్పింది అన్నీ పక్కన పెట్టి, మొహం చూడని నా మాటెలా నమ్మారని అడిగాను.

"డాక్టర్ అరవంలో చెప్పినాడు, ధనలక్ష్మి అరవంలో చెప్పింది. నీవు మన బాసలో చెప్పితివి కదా కణ్ణు. మనవాళ్లు చెప్తే తప్పు ఉండదని తలచితిని" అన్నారు.



ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. కణాలు మెల్లగా పెరిగాయి, ఇంటికి వచ్చారు. నేనూ తిరుగు టికెట్టు రద్దు చేసుకుని అక్కడే ఉన్నాను. మిగతా ఐదుగురికీ స్నేహితురాలి చేత తమిళంలో మళ్లీ చెప్పించాను. ఎవరికీ ఏమీ కాలేదు. రాజమ్మాళ్ గారు డబ్బా తిరిగి ఇవ్వనన్నారు. రోజూ వేసుకునే బీపీ మాత్రకు, క్యాల్షియం మాత్రకు అది కావాలట. పసుపు మాత్రల అట్ట మాత్రం ఇప్పుడు ధనలక్ష్మి ఇంట్లో ఉంటుంది. మంగళవారం టిఫన్ వేళకు ఆవిడే ఒకటి తెచ్చి, వేసుకునేదాకా నిలబడుతుంది. ఆ గట్టి అట్ట, కత్తెర, పక్కింటి మనిషి, ఇవన్నీ నేను అడ్డంకులనుకుని తీసేశాను. ఆవిడను ఇన్నేళ్లు కాపాడింది అవే. సులువు చేయడమే నా పని అనుకున్నదాన్ని, ఏది సులువు కాకూడదో అడగనే లేదు.

మీరూ ఈ ఇళ్లకు వెళ్లండి. కాఫీ బాగుంటుంది, ఆదరణ ఇంకా బాగుంటుంది, తెలుగు వింటుంటే ఇంటికొచ్చినట్టే ఉంటుంది. మందో, మోతాదో, బస్సు వేళో, ముఖ్యమైనదేదైనా చెప్పాల్సివస్తే మాత్రం చెప్పి ఊరుకోకండి. మీరేం చేస్తారో మీ మాటల్లో చెప్పండి అని అడిగి, పూర్తిగా వినండి. ఆ శనివారం ఫోను పెట్టేసే ముందు నేను అడిగింది, అర్థమైందా అమ్మా అని మాత్రమే. అయింది కణ్ణు అన్నారావిడ. ఆవిడ అబద్ధం చెప్పలేదు.