మెరిసే బేరింగు

ఆ రోజుల్లో తాండూరులో కారు బాగుచేసే మనిషి కోసం వెతకాలి. బాగుచేస్తానని చెప్పేవాళ్లకు మాత్రం కరువు లేదు. అలా చెప్పేవాళ్లలో నేనొకణ్ణి. పంతొమ్మిదేళ్లవాణ్ణి. చిన్నాయన కందుల కొట్టులో కాటా దగ్గర కూర్చునేవాణ్ణి, మనసంతా పట్నం పోయి మోటారు పని నేర్చుకోవడం మీదే. ఆయన పాత కారు ముందు చక్రం గుయ్యిమని మోగడం మొదలుపెట్టగానే నా పంట పండిందనుకున్నాను. “బేరింగు అరిగింది చిన్నాయనా, నేనే మారుస్త” అన్నాను. “సప్పుడు పోతే నిన్ను పట్నం పంపిస్త. పోకుంటే కాటా కాడ్నే కూసో, మల్ల గా మాటెత్తొద్దు” అన్నాడు.

కొత్త బేరింగు పట్నం నుంచి రైల్లో వచ్చింది, నూనె కాగితంలో, ఒళ్లంతా గోధుమరంగు గ్రీజుతో. ముంగిట్లో నాపరాళ్ల మీద జాకీ పెట్టి చక్రం ఊడదీశాను. బండలు కొట్టే సుత్తె ఎరువు తెచ్చి పాతదాన్ని బయటికి కొట్టాను. ఎక్కడ అరిగిందో చూద్దామని కిరసనాయిల్లో కడిగి, ధోవతి ముక్కతో తుడిచి తుడిచి చిన్నమ్మ ఇత్తడి చెంబులా మెరిపించాను. (అరుగుదల సంగతి ఆ మెరుపులో మరిచేపోయాను.) ఇంతలో చిన్నమ్మ అన్నానికి పిలిచింది. తిని వచ్చి, మెరిసేదాన్ని బిగించాను. జిడ్డుదాన్ని కాగితంలో చుట్టి గూట్లో పడేశాను.

మర్నాడు వికారాబాద్ ప్రయాణం. చిన్నాయన నడుపుతున్నాడు, నేను పక్కన, చిన్నమ్మ వెనక. ఊరు దాటగానే గుయ్యిమంది. “రోడ్డు సప్పుడు” అన్నాను. ఇంకొంత దూరం పోయాక, “కొత్తది గదా, జర అలవాటు పడాలె” అన్నాను. తర్వాత వానల గురించి గొంతెత్తి మాట్లాడసాగాను.

“జర నోరు మూస్తవా? గా సప్పుడు ఇననియ్” అన్నాడు చిన్నాయన.

అప్పుడే వెనక నుంచి చిన్నమ్మ, “గూట్లున్న పాతదాన్ని పొద్దుగాల తుడిచిన. ఒక్క గీత లేదు, మస్తు నున్నగ తిరుగుతుంది. గంత మంచిదాన్ని ఎందుకు తీసినవ్‌రా?” అంది.

చిన్నాయన కారాపి నా వైపు చూశాడు. నేను చక్రం వైపు చూశాను. దిగి పారిపోదామంటే వికారాబాద్ ఇంకా దూరం.

మెల్లగా తాండూరుకే తిరిగొచ్చాం. మళ్లీ అంతా విప్పి కొత్తదాన్ని బిగించాను. మోత పోయింది, దాంతోపాటు నా ఆశా పోయింది. మర్నాడు పిలవకముందే కాటా దగ్గరికెళ్లి కూర్చున్నాను. చిన్నాయన వచ్చి నిలబడ్డాడు.

“లే. ఊడదీసుడు ఒస్తది, బిగించుడు ఒస్తది. సూసుడే రాదు నీకు. గది నేర్సుకోను పట్నం పో.”

నలభై ఏళ్లు ఆ పనే చేశాను. ఇప్పటికీ ఏ బేరింగైనా బిగించే ముందు చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు తిప్పుతాను. (ఈ ముసలాయనకు చాదస్తమని పనివాళ్లు నవ్వుకుంటారు.) నాకూ నవ్వొస్తుంది, ఆ పంతొమ్మిదేళ్లవాణ్ణి తలచుకుని. చిన్నాయన గుర్తొస్తే మాత్రం మూడోసారి కూడా తిప్పుతాను.