రాజవ్వకు నేను చెప్పిన వేళ

"టిఫిన్ గంట కొట్టే యాళకు రమ్మన్నది నువ్వే గదక్కా!"

"నేనట్ల అనలే. పాల క్యాన్లు దిగే యాళకు అన్న. చెవులు ఏడ పెట్టుకున్నవో ఏమో."

"గంట కొట్టే యాళకే అన్నవు. నేను రెండుసార్లు అడిగిన. రెండుసార్లు అదే చెప్పినవు."

"అంటే అబద్ధమాడిన్నంటవా? ఈస్టరు నాడు, దేవుని పని కాడ?"

"అయ్యో, గంత మాట నేనెందుకంట! కని గాడికి పోతే ఒక్క మనిషి లేడక్కా. కరిగిపోయిన కొవ్వొత్తులున్నయి, గంతే."

ఆలుగడ్డలు తరిగే ఆమె అటునుంచి నవ్వింది. "ఏందే మీ లొల్లి, పొద్దుపొద్దుగాల! అన్నం లేటయితే పిల్లలు మనల్నే తింటరు."

ఈస్టరు మరునాడు, సోమవారం, యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టలు వంటింట్లో బియ్యం ఏరుతూ నేనూ, నాతో పనిచేసే రాజవ్వా పడ్డ గొడవ అది. రాజవ్వ చెప్పిందే నిజం. నేను టిఫిన్ గంట వేళకే రమ్మన్నాను. గంట కొట్టేది ఎనిమిదింటికి. ఈస్టరు నాడు సమాధుల తోటలో మా ఆరాధన తెల్లవారుజామున నాలుగున్నరకు, హాస్టల్లో పాల క్యాన్లు దిగే వేళకు. నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

ఈ ఒక్క ముక్క రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. గుండెలో రాయి అంటారు గాని, రాయి అయితే ఒకచోట ఉంటుంది. ఇది అట్లా కాదు. కూర పొయ్యి మీద వేసి కూర్చుంటే వస్తుంది, గుళ్లో పాట మధ్యలో వస్తుంది. మనవలకు నేనంటే భయం. సబ్బు ముక్క అరిగి కాగితమంత అయ్యేదాకా పారెయ్యనివ్వను, అబద్ధం చెబితే ఆ పూట అన్నం పెట్టను. నానమ్మ అంత నిక్కచ్చి మనిషి అని నలుగురితో చెప్పుకుంటారు. మీకు చెబుతున్నాను, నేను అంత మనిషిని కాదు.

యూనివర్సిటీలో గొడవలు మొదలై హాస్టళ్లు మూతపడ్డ ఏడాదికి ముందటి ఏడు ఇది. మా ఆయన రైలు పట్టాల పనిలో ఉండి చనిపోయి అప్పటికి మూడేళ్లు. నేను తార్నాక నుంచి నడిచి పనికి వచ్చేదాన్ని, రాజవ్వ బౌద్ధనగర్ నుంచి. వాళ్లు పల్లెలో సేద్యం సాగక పట్నం చేరినవాళ్లు, హిందువులు. నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. ఆమె బడి మొహం చూడలేదు. అందుకని నాకు అన్నీ తెలుసని ఆమె అనుకునేది. అట్లా అనుకోవడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది, ఎందుకంటే నన్ను ఇంకెవరూ అట్లా అనుకోలేదు.

ఆ చలికాలంలో ఆమె ఐదేళ్ల బిడ్డ జ్వరంతో పోయింది. వాళ్లలో చిన్నపిల్లల్ని కాల్చరు, పూడ్చిపెడతారు. పది రోజులకు పనికి వచ్చింది. చేట ముందేసుకుని, తలెత్తకుండా అడిగింది, మీ దేవుడు సచ్చి మల్ల లేచిండంటరు నిజమేనా అని. నిజమే అన్నాను. మూడో దినమా? అవును. ఆడవాళ్లు ముందు చూశారా? అవును. ఆమె చెయ్యి ఆగింది. "మేం గూడ మూడో దినం పోతమక్కా, పిట్టకు బువ్వ పెట్టొస్తం. కని మాకు ఎవ్వరు లేచి కనపడరు" అంది.

ఇక రోజూ అడిగేది. చుట్టిన బట్టలు సమాధిలోనే వదిలేశాడు కదా, మరి ఏం కట్టుకుని బయటికి వచ్చాడు? మేకులు దిగిన చేతులు నొప్పి పెట్టాయా? లేచినాక మొదట ఏం తిన్నాడు? చేపలు తిన్నాడని నాకు గుర్తుండి చెప్పాను. ఆమెకు ఎంత సంతోషం! తిన్నాడంటే దయ్యం కాదన్నమాట, అసలు మనిషే అన్నమాట అని తనకు తానే తేల్చుకుంది. నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను. అందుకనేనేమో, ఆ చేపల్లో ఇంత సంగతి ఉందని నాకెన్నడూ తట్టలేదు.

తెలియనివి అడిగితే మాత్రం గద్దించేదాన్ని. "అట్లడగొద్దు, పాపం." పాపమని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తెలియదు అనడానికి నోరు రాక పాపం అన్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె ప్రశ్నలన్నీ నాలోనూ ఉన్నాయి. పట్టాల పనిలో మా ఆయనకు రెండు వేళ్లు తెగిపోయాయి. ఆయన లేచిన రోజున ఆ వేళ్లు ఉంటాయా? మూడేళ్లుగా నన్ను తొలిచే మాట అది. పాస్టరయ్యను అడిగితే నీకు విశ్వాసం తక్కువ అంటాడేమోనని మూట కట్టి దాచాను. ఆమె నడివంటింట్లో, పదిమందిలో, సిగ్గులేకుండా అడిగేసేది.

మా సంఘంలో స్త్రీల సమాజం ఉండేది. ఈస్టరుకు తలా ఒక కొత్త మనిషిని తీసుకురావాలి, మనకు తెలిసిన మంచి వార్త మనలోనే ఉంచుకోకూడదు అని పాస్టరమ్మ చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. "నేనొకామెకు అన్నీ చెప్పిన, ఈస్టరుకు ఆమె వస్తది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. జన్మలో నాకు చప్పట్లు అదే మొదటిసారి.

శనివారం రాజవ్వ బియ్యం ఏరుతూ అంది, "రేపు మీ పాస్టరయ్యను ఒక్కటే అడుగుతక్కా. నా బిడ్డ అయిదేండ్ల పిల్లగనే లేస్తదా, పెద్దగయి లేస్తదా? నేను ముసల్దాన్నయి లేస్తే నన్ను గుర్తువడతదా? నిన్ను అడిగితే పాపమంటవు, గందుకే ఆయన్నే అడుగుత."

అంతే. ఆమె అక్కడ, అందరి ముందు, అక్క నాకు చెప్పలేదు, నోరు మూసుకోమన్నది అంటుంది. అన్నీ చెప్పానన్న నా గొప్ప అక్కడే రాలిపోతుంది. ఎన్ని గంటలకు రావాలక్కా అని అడిగింది. టిఫిన్ గంట కొట్టే వేళకు అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. నోరు తడబడలేదు కూడా.

ఆ తెల్లవారి సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి పాడాం. మౌలాలి గుట్ట వెనక తెల్లారింది. ప్రభువు లేచాడని ఒకరికొకరం చెప్పుకున్నాం. నీ మనిషి ఏదమ్మా అని పాస్టరమ్మ అడిగింది. మనసు మార్చుకుందండీ అన్నాను. ఆమె అయ్యో అని, పేరడిగి, అందరినీ కళ్లు మూసుకోమని, రాజవ్వ రాతి గుండె కరగాలని పేరు పెట్టి ప్రార్థన చేసింది. నేను అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

ఎనిమిదింటికి ఇంట్లో ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ఈపాటికి వచ్చి ఉంటుంది అనుకున్నాను. తార్నాకలో మా ఇంటి నుంచి తోట ఎంత దూరం? కత్తిపీట పక్కన పెట్టి పోతే పావుగంట. పోలేదు. కోస్తూనే ఉన్నాను.

సోమవారం గొడవలో రాజవ్వ చివరికి చెప్పిన మాట ఇంకా రాయలేదు. మా ఆయన సమాధి మీద పెట్టాలని బంతిపూలు కొనుక్కుని వచ్చిందట. పేర్లు చదవడం రాదు. అడుగుదామంటే మనిషి లేడు. ఏదో ఒకటి ఆయనది అవుతుందిలే అని, గేటు దగ్గర మొదలుపెట్టి సమాధికి ఒక పువ్వు చొప్పున పెట్టుకుంటూ పోయి, పూలు అయిపోయాక ఇంటికి నడిచిందట.

ఆ సాయంత్రం పని నుంచి నేరుగా తోటకు పోయాను. ఎందుకు పోయాను? ఆమె అబద్ధమాడిందేమో చూద్దామనా? అదే అయితే నేను ఎంత నీచురాలిని! బంతిపూలు ఎండకు వాడి ఉన్నాయి. ఎవరెవరివో సమాధులు, చంటిపిల్లలవి, నాకు కిట్టని ఒక ముసలాయనది కూడా. ఒక్కొక్క పువ్వు. వరస వెంట నడిచాను. మా ఆయనకు మూడు సమాధుల ఇవతల పూలు ఆగిపోయాయి.

అక్కడే కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఇప్పటికీ ఆలోచిస్తాను. ఉప్పు, నూనె, అగ్గిపుల్ల దాచినట్టే దేవుడి మాటను కూడా దాచుకున్నానా? దాచితే మిగిలేదా అది? నాకే నమ్మకం లేక, ఆమె అడిగితే ఆ సంగతి బయటపడుతుందని భయపడ్డానా? మరి నమ్మకం లేనిదాన్ని ఏటేటా తెల్లారకముందే ఆ తోటకు ఎందుకు పోతాను? బిడ్డ ఏ వయసుతో లేస్తుందో పాస్టరయ్యకు తెలిసేదో లేదో. తెలియదమ్మా, కలిసి దేవుణ్ని అడుగుదాం అని ఆయన అన్నా ఆమెకు అది చాలునేమో. ఆ మాట నేనైనా అనవచ్చు కదా? బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒక్క ప్రశ్నతో అంత దూరం నడిచి వచ్చింది. దాన్ని అడగనివ్వకుండా చేసింది నేను.

మరుసటి ఏడు హాస్టలు మూతపడ్డాక రాజవ్వ ఎటు పోయిందో తెలియలేదు. రెండుసార్లు బౌద్ధనగర్ వెళ్లి వెతికాను, ఇల్లు మారారన్నారు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. దేవుణ్ని అడిగాను, ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. మనవరాలి పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతున్నది. ఇంతకాలం నాకొక్కదానికే తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. అంతవరకే.

మంగళవారం సంగతి చెప్పి ఆపుతాను. తోట నుంచి వచ్చిన నేను, పొద్దున్నే రాజవ్వకు నిజం చెప్పేయాలని గట్టిగా అనుకుని హాస్టలుకు పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. వంటింట్లో అడుగు పెట్టేసరికి ఆమె నాకంటే ముందే వచ్చి ఉంది. అందరూ వింటుండగా నా దగ్గరకు వచ్చింది.

"నిన్న నీ మీద నోరు చేసుకున్నక్కా. మా ఆయన తిట్టిండు, ఆమె దేవుని మనిషి, ఎందుకు అబద్ధమాడ్తది, నువ్వే మర్సి ఉంటవు అని. తప్పు నాదే. మనసుల పెట్టుకోకు."

"సరే" అన్నాను. "చేతులు కడుక్కొని రా. బియ్యం నానెయ్యాలె."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. గంట కొట్టేదాకా ఇద్దరం బియ్యం ఏరాం. ఆమె ఏమీ అడగలేదు.