మంగళం పాడని దేశంలో మా మామ

ముందుగా ప్రమాణం చేస్తున్నాను. తిరుపతిలో మా మిద్దె మీద, కొండకు ఎదురుగా కూర్చుని రాస్తున్నాను కాబట్టి దొంగ ప్రమాణం చేసే ధైర్యం నాకు లేదు. కింద రాసిన దాంట్లో ప్రతి అక్షరమూ నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఈ పాటికే నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి.

ఆ రోజుల్లో మా నగరిలో అబద్ధం చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. వీధి వీధంతా మరమగ్గాలు ఆడుతుంటే చెప్పిన మాటలో సగం ఎదుటివాడికి వినపడదు, మిగతా సగాన్ని సందర్భాన్ని బట్టి సర్దుకోవచ్చు. ఆ విద్యలో ఇరవై నాలుగేళ్ళకే నేను ఆరితేరాను. నా విద్య పారని మనిషి ఊరు మొత్తం మీద ఒక్కడే. మా మామ. అమ్మకు సొంత తమ్ముడు, ఎనిమిది మగ్గాల యజమాని, శనివారం భజన గోష్ఠికి గురువు, అన్నింటికీ మించి ఒక కూతురి తండ్రి. ఆ కూతురు నాకేనని అమ్మ అనేది. ఆ పిల్ల కూడా కాదనలేదు (అవుననీ అనలేదు, కానీ నన్ను చూసి తల తిప్పుకునే తీరులో కొంచెం ఆశ కనపడేది). తేల్చనిది మామ ఒక్కడే. ఆయనకో నియమం ఉంది: "సారాయంగడి గడప తొక్కినోడికి నా కూతుర్ని ఇయ్యను." ఉత్త మాట కాదు. పుత్తూరు సంబంధం ఒకటి ముహూర్తం దాకా వచ్చి చెడింది. పెళ్ళికొడుకు బ్రాందీ షాపు ముందు నిలబడి అగ్గిపెట్టె అడగడం మామ బస్సులోంచి చూశాడు, అంతే.

అలాంటి మామను, నన్ను కలిపి ఐర్లండుకు పంపించారు. చేనేత, మరమగ్గం వాళ్ళకు అక్కడేదో బట్టల ప్రదర్శన పెడితే మామ నేసిన తువ్వాళ్ళు ఎంపికయ్యాయి. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకు తిరుపతిలో డిగ్రీ చదివినంత ఇంగ్లీషు వచ్చు. "భాషకు నువ్వు రా అబ్బా, మగ్గం సంగతికి నేనుండాను" అన్నాడు. ఆ పది రోజుల్లో నన్ను తూకం వేస్తాడని నాకు తెలుసు. అందుకే విమానంలో మంచినీళ్ళు కూడా ఆయన్ను అడిగి తాగాను.

ప్రదర్శన ముగిశాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, సముద్రం పక్కనున్న చిన్న ఊళ్ళో తిరుగుతున్నాం. వాన. ఆ దేశంలో వాన మన వానలా వచ్చి పోయేది కాదు, ఇంటి మనిషిలా ఎప్పుడూ అక్కడే ఉంటుంది. తడుస్తూ నడుస్తుంటే ఒక ఇంట్లోంచి వాయిద్యాల చప్పుడు వినిపించింది. కిటికీ కింద పూలకుండీలు, గడపలో పడుకున్న కుక్క, లోపల పిల్లలు, స్వెట్టరు అల్లుకుంటున్న ఒకామె. మామ నిలబడిపోయాడు. చెవి ఒగ్గాడు. "ఈ ఊర్లోనూ భజన మందిరం ఉండాది సూడబ్బా!" అని నేను నోరు తెరిచే లోపల గడప దాటేశాడు.

తలుపు పైన పబ్బు అని పలక ఉంది. చదవడం వచ్చినవాడిని నేను, లోపలికి పోయినవాడు మామ. వెంటపడి పోయాను. ఆయన్ను తప్పు పట్టలేం. మన బజారు వీధి బ్రాందీ షాపులో ఇనప కమ్మీల సందులోంచి చెయ్యి పెడితే సీసా వస్తుంది, ముఖం ఎవరికీ కనపడదు. ఇక్కడ చూస్తే బల్ల చుట్టూ పదిమంది గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఒకాయన వేణువు, ఒకాయన మేక తోలు బిగించిన పలకలాంటిదాన్ని చిన్న పుల్లతో వాయిస్తున్నాడు, ఒకామె మన హార్మోనియాన్ని చేతుల్లో పట్టుకుని పిండినట్టు ఏదో పిండుతోంది. అందరికీ పెద్ద ఒక ముసలామె, ఫిడేలుతో. (నేను ఆమెకు ఫిడేలవ్వ అని పేరు పెట్టుకున్నాను.) అవ్వ ఎత్తుకుంటే మిగతావాళ్ళు చెవితోనే పట్టుకుని అందుకుంటున్నారు. కాగితం లేదు, వేదిక లేదు, టికెట్టు లేదు.

"రాసుకునింది ఏమీ లేదు, సూసినావా? గురువు ఎత్తుకుంటే గోష్ఠి అందుకుంటా ఉండాది. మన పద్ధతే!" అంటూ మామ ఆ గుండ్రంలో ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. మన భజనలో ఖాళీ చోటు కనపడితే కూర్చోవాలి. ఆ దేశంలో ఆ గుండ్రం వాయించేవాళ్ళది, పిలవకుండా కూర్చోకూడదని నాకు తర్వాత తెలిసింది. కూర్చోవడమే కాదు, కోటు జేబులోంచి భజన తాళాలు తీశాడు. తోలు పలకాయన కనుబొమలు ముడిచాడు. ఒక చుట్టు అయింది, రెండు చుట్లయ్యాయి, మామ తాళం వెంట్రుకవాసి కూడా తప్పలేదు. మూడో చుట్టులో ఫిడేలవ్వ తల ఊపింది. పలకాయన కనుబొమలు దిగాయి. మామ గోష్ఠిలో మనిషైపోయాడు.

మామ కళ్ళు బల్ల మీదకు పోయాయి.

"ఆ నల్లగా ఉండేది ఏందబ్బా?"

"డికాషన్ మామా. చల్లారబెట్టి తాగుతారు."

"పాలెయ్యరా?"

"పైన నురగ ఉండాది కదా, అదే పాలు."

"అంత పెద్ద లోటాడు డికాషన్ తాగితే నిద్ర పడతాదా?"

"దానికే మామా, పగలు తాగేది."

"మరి ఆ పసుప్పచ్చది?"

"జీలకర్ర నీళ్ళు."

మామ తాళం ఆపకుండానే గోడ వైపు గడ్డం చూపించాడు. అక్కడ ఈ చివర నుంచి ఆ చివర దాకా సీసాలు, వెనక అద్దం, ముందు దీపాలు. "చలి దేశం కదా మామా, దగ్గులెక్కువ. మందుల కొట్టు కూడా ఈడనే పెట్టుకున్నారు" అన్నాను. మూలన ఒక ఎర్ర గడ్డపాయన కళ్ళు మూసుకుని ఊగుతుంటే, అడక్కముందే "భక్తి మామా" అని చెప్పేశాను.

ఎంతసేపు నెట్టుకురాగలను? ఎవడో ఒకడు వచ్చి మామ చేతిలో గ్లాసు పెడితే నా పెళ్ళి అక్కడితో సరి. పాట ఆగిన ప్రతిసారీ "లేయి మామా, పోదాం" అంటాను. ఆయనది ఒకటే జవాబు: "మంగళం పాడకుండా యాడికి లేచేది? నడిమిట్లో లేస్తే గోష్ఠికి అవమానం కదప్పా." అదీ అసలు చిక్కు. మనకు భజన అంటే మొదట ప్రార్థన, చివర మంగళం, హారతి. అందరూ లేచి నిలబడతారు, ఇక ఎవరూ పాడరు, ఇళ్ళకు పోతారు. వీళ్ళకు మంగళమే లేదు! ఒక పాట ముగిసే లోపల ఇంకొకటి దాని తోక పట్టుకుని వస్తోంది.

చివరికి ఫిడేలవ్వ దగ్గరికి పోయి చెవిలో అడిగాను, మీ ఆఖరి పాట ఎప్పుడని. "ఎవరికి ఇంటికి పోవాలనిపిస్తే వాళ్ళకు అదే ఆఖరిది నాయనా" అంది. (నాయనా అనలేదు, వాళ్ళ భాషలో అలాంటిదే ఏదో అంది.) ఇక దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేశాను. ఆయన మా మామ, ఇది సారాయంగడి అని ఆయనకు తెలియదు, తెలిస్తే నాకు పిల్లనివ్వడు, మంగళం పాడితే గానీ లేవడు. అవ్వ నవ్విన నవ్వుకు ఫిడేలు కమాను జారి కింద పడింది. కళ్ళు తుడుచుకుని చెయ్యెత్తింది. వాయిద్యాలు ఆగాయి. మన అతిథి ఇప్పుడొక పాట పాడతాడు అని ప్రకటించింది.

"మామా, మంగళం నిన్నే పాడమంటా ఉండారు" అని నేను అనువాదం చేశాను.

మామ లేచాడు. కోటు సర్దుకున్నాడు. ఎనిమిది మగ్గాలు ఆడుతుంటే వాటి మీదుగా పాడి పాడి కాచిపోయిన గొంతు అది. మొదటి మాటకే గడపలో కుక్క లేచి కూర్చుంది. పాడుతూ పాడుతూ జేబులోంచి కర్పూరం తీసి ఒక సాసరులో పెట్టి వెలిగించాడు. గ్లాసులు నింపే కొట్టాయన నీళ్ళ జగ్గు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఫిడేలవ్వ కమాను అడ్డం పెట్టి ఆయన్ను ఆపింది. నేను చేతులు జోడించి నిలబడ్డాను. నన్ను చూసి అవ్వ నిలబడింది. అవ్వను చూసి వేణువాయన, పలకాయన, స్వెట్టరామె, పిల్లలు, గ్లాసులు పట్టుకున్నవాళ్ళు గ్లాసులతోనే, మూలన ఎర్ర గడ్డపాయన గోడ పట్టుకుని, మొత్తం కొట్టు లేచి నిలబడింది. మామ "గోవిందా!" అన్నాడు. ఆ అంగడి కప్పు ఎగిరిపోయేలా అందరూ "గోవిందా!" అన్నారు.

మామ అందరికీ తలా ఒక కలకండ పలుకు పంచాడు. ఫిడేలవ్వ తన పలుకును కళ్ళకద్దుకుని (ఎవరు నేర్పారో!) నోట్లో వేసుకుని, ఫిడేలును పెట్టెలో పెట్టి మూత వేసింది. దీని తర్వాత ఈ రోజుకు ఏమి వాయిస్తాం అంది. ఆ ఒక్క మాటను మాత్రం నేను ఉన్నదున్నట్టు మామకు చెప్పాను.

బయట వాన అలాగే ఉంది. కొంత దూరం నడిచాక మామ అడిగాడు, "ఏమబ్బా, ఆ డికాషన్ కొట్టుకు లైసెన్సు ఉండాదా?"

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ముక్కుకు ఇంగ్లీషు అక్కర్లేదు కదప్పా. పక్కనోడు ఊపిరి వదిలినప్పుడల్లా మన బజారు వీధి గుర్తొచ్చింది."

"ఎప్పుడు తెలిసింది మామా?"

"తాళం తీసినాక. తాళం తీసినోడు మంగళం దాకా లేయకూడదు. సారాయంగడి నియమం నాది, ఆ నియమం స్వామిది. ఏది పెద్దదో నువ్వే చెప్పు."

"మరి నేను చెప్పినవి..."

"అన్నీ విన్నా. జీలకర్ర నీళ్ళ కాడ నవ్వొచ్చి తాళం తప్పబోయినా." అని నా వైపు తిరిగాడు. "ఇన్ని అబద్ధాలు ఒంటరిగా మోస్తే నువ్వు బతకలేవు. నీ పక్కన నిజం చెప్పే మనిషి ఒకరుండాల. నా కూతురుండాది."

ఇదీ జరిగింది. ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. కానీ ఆ నిజం చెప్పే మనిషి ఇప్పుడే కాఫీ ఇచ్చి, ఈ కాగితాలు చదివి, పక్కన నిలబడి ఉంది. "ప్రమాణం చేసినావు కదా. లేసి నిలబడింది ఎంతమంది?" అంటోంది.

సరే, ఒప్పుకుంటాను. కర్పూరం నిజం, నీళ్ళ జగ్గు నిజం, మామ వానలో అన్న మాట అక్షరం పొల్లుపోకుండా నిజం. లేచి నిలబడింది మాత్రం ఇద్దరే. ఫిడేలవ్వ, నేను. గోవిందా అన్నదీ మేమిద్దరమే, ఆమెది అరకొరగా. మిగతావాళ్ళు కూర్చునే విన్నారు, ఒకరిద్దరు వాళ్ళ మాటల్లో వాళ్ళున్నారు. పెళ్ళిలో మొదటిసారి ఈ కథ చెప్పినప్పుడు మామ పాటకు ఇద్దరే లేచారనడానికి నోరు రాక వేణువాయన్ను లేపాను. మరుసటి ఏడు పలకాయన్ను. ఇరవై ఏళ్ళ పైగా ఏడాదికొకరు చొప్పున లేపుతూ వచ్చాను. ఇప్పుడు ఆ అంగడిలో కూర్చున్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

మామకు ఇప్పుడు కింద కూర్చుంటే లేవడం కష్టం. భజనలో గోడకానుకుని తాళం వేస్తాడు. పోయిన శనివారం హారతయ్యాక పిల్లలు అడిగితే మళ్ళీ ఈ కథే చెప్పాను. అంతా విని, అసలు సంగతి నాకంటే బాగా తెలిసిన ఆ మనిషి, నన్ను దగ్గరికి పిలిచి చెవిలో అన్నాడు: "ఆ గడపలో కుక్కను మరిచిపోయినావు అబ్బా. అదీ లేసి నిలబడిందని చెప్పు."