బీరతీగ లోపల నడిచే కబురు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే ముచ్చట కాదు.

నా పుట్టిల్లు ఎల్లంతకుంట దిక్కు. కోరుట్లకు కాపురానికి వచ్చేటప్పుడు అమ్మ నా కొంగున బీరగింజలు కట్టింది. ఏటా ఒక కాయను తీగ మీదే ఎండనిచ్చి గింజ తీసుకునేవాళ్లం. మొన్నటి ఏడు సిరిసిల్లలో మా చెల్లె దాచినవి పురుగు పట్టి పోయాయి. ఇక ఆ బీర మిగిలిందంటే మా పెరటి పందిరి మీదే.

వానలు ముసురుకున్నాక ఒకనాడు అడుగు ఆకు మీద పసుపురంగు మచ్చ పడింది. మా అత్తకు శుభ్రం ఎక్కువ. వాకిలి ఊడ్వకముందే పోయి గిల్లేసింది.

"మచ్చ పడ్డ ఆకును ఇంట్ల ఉంచుకుంటరా?" అంది.

మాకూ అదే సబబనిపించింది. కానీ ఆమె గిల్లేకొద్దీ మచ్చ ఆమె కంటే ముందే పైకెక్కింది. రాత్రి నిగనిగలాడిన ఆకు తెల్లారేసరికి కాగిన నూనె చిందినట్టయ్యేది. పందిట్లో నుంచి ఆకాశం కనబడసాగింది.

జగిత్యాలలో వ్యవసాయం చదివే మా బిడ్డ ఆ ఆదివారం వచ్చి, గిల్లిన ఆకుల గంప తిరగేసింది.

"నాయినమ్మా, గివి ఎప్పుడు తెంపినవ్?"

"మచ్చ కనబడంగనే. నీ లెక్క పొద్దెక్కేదాక పండుకుంటనా?"

"గదే కొంప ముంచినట్టుంది. రోగం తగిలిన ఆకుల ఒక మందు లెక్కటిది పుడ్తది. తీగ లోపల తీపి రసం పారే సన్న దారులల్ల పడి పై ఆకులకు పోతది. గది అందితె అవి ముందే గట్టిపడ్తయి. కబురు బయలెల్లకముందే నువ్వు ఆకును తెంపినవ్."

"ఆకుకు నోరుంటదానె, చదువులమ్మా?" అని అత్త నవ్వబోయింది. అంతలో ఆమె చూపు స్నానాల గది గోడ మీద పడింది.

ఆ గోడ మీది తీగ ఒక్కటే ఇంకా నిలబడి ఉంది. అక్కడ గూడు పెట్టిన కందిరీగల భయానికి దాన్ని ఎవరూ ముట్టలేదు. అడుగు ఆకు మాడి వేలాడుతోంది. పై ఆకుల మీద సూదిమొన మచ్చలే, పాకలేదు. దానికి రెండు కాయలు.

"గిది బతుకుతదా?" అని అడిగాను.

"చెప్పలేనమ్మా. కబురు అందినా రోగం మొత్తం ఆగదు. కాయ ఎండేదాక ఆకులు నిలవాలె."

మిగతా తీగలన్నీ చచ్చిపోయాయి. అత్త రోజూ పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని ఆ గోడ దగ్గర నిలబడేది. ఒక కాయ కొస నుంచి కుళ్లి రాలింది. రెండోది ఎండింది. పగలగొడితే గుప్పెడు గింజలు వచ్చాయి. కొన్నింటి మీద నల్లటి చుక్కలున్నాయి.

"రోగం గింజల గూడ దాక్కుంటది," అంది బిడ్డ.

చుక్కలున్నవి ఏరి పొయ్యిలో వేశాం. మంచివని తోచినవాటిలో సగం సిరిసిల్లకు, చెల్లెకు పంపాం. వాటి లోపల ఏముందో వానాకాలం వస్తేగానీ తెలియదు.

విన్న మీ ఇంటి గింజ గట్టిగా ఉండుగాక. మీ ఇంట్లో ఒకరికి నొప్పి పుడితే మిగతావాళ్లకు వేళకు తెలియుగాక.