చివర తినే మనిషి

చలి ముదిరిందని నిన్న అలమారలోంచి బొంత తీశాను. మడత విప్పగానే సేజ్ అనే మూలిక ఎండుటాకుల వాసన గుప్పుమంది. నడుమ ఎర్ర నక్షత్రం కుట్టిన ఆ బొంత నాకిచ్చింది డెలోరస్. అమెరికా సరిహద్దుకి ఉత్తరాన, సస్కాచెవాన్‌లో నేను సైన్సు చెప్పడానికి చేరిన చిన్న బడికి ఆవిడ ప్రిన్సిపాల్, లకోటా అనే ఆదివాసీ తెగ మనిషి. ఆవిడ ముత్తాతలు అమెరికా సైన్యంతో యుద్ధమయ్యాక సరిహద్దు దాటి ఇటు వచ్చారు. వాళ్లను నడిపించుకొచ్చిన నాయకుడి పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆవిడ మాత్రం "మా పెద్దాయన" అనేది, ఆయనేదో పక్కింట్లో ఉన్నట్టు.

మధ్యాహ్నాలు బడిలో అందరికీ సూప్ వండేవారు. గరిటె డెలోరస్‌ది. పిల్లలు, టీచర్లు, బడి ఊడ్చే మనిషి, అందరూ తిన్నాకే ఆవిడ తన గిన్నె నింపుకునేది. ఒక్కోరోజు అడుగున నీళ్లే మిగిలేవి. మొహమాటం కాబోలు అనుకున్నాను. ఎంత మాటైనా మొహం మీదే అనేసే మనిషికి మొహమాటమేమిటో అర్థం కాలేదు.

రిటైరవుతూ ఆవిడ తన కుర్చీకి నా పేరు చెప్పింది. ఎక్కడినుంచో వచ్చిన నేను ఈ ఊరి పిల్లలకి పెద్దదిక్కునా? మా ఆయన సలహా సిద్ధంగా ఉంది. "నీకెందుకీ టెన్షన్? మిస్సిసాగాకి మూవ్ అయిపోదాం. అక్కడ మనవాళ్లు బోలెడుమంది." ఆవిడ వీడ్కోలు సభ కాగానే కాదని చెప్పేద్దామనుకున్నాను.

తీరా మేం కానుకలు పట్టుకుని వెళ్తే అక్కడ వ్యవహారం తలకిందులుగా ఉంది. వాళ్ల పద్ధతిలో గౌరవం అందుకునే మనిషే అందరికీ పంచిపెట్టాలట. డెలోరస్ పేరుపేరునా పిలిచి దుప్పట్లు, పూసల దండలు ఇస్తోంది. నన్ను పిలిచి ఈ బొంత చాపింది. మన అలవాటు ఊరుకుంటుందా? "అయ్యో, వద్దు వద్దు, నాకెందుకు?" అంటూ చేతులు వెనక్కి తీసుకున్నాను. మన ఇళ్లల్లో అయితే బలవంతంగా చేతిలో పెట్టేవారు. అక్కడ అందరూ తలలు తిప్పి నా వైపే చూశారు.

"మా దగ్గర ఇచ్చింది వద్దంటే ఇచ్చిన మనిషినే వద్దన్నట్టు," అంది డెలోరస్ మెల్లగా.

"భయం బొంతంటే కాదు, మీ కుర్చీ అంటే," అనేశాను.

ఆవిడ నవ్వి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "మా పెద్దాయన ఇటు వచ్చిన కొన్నేళ్లకే మేం వేటాడి తినే అడవిదున్నల మందలు మాయమైపోయాయి. ఒకటే ఆకలి. ఏ కుండ దించినా ముందు ముసలివాళ్లకి, పిల్లలకి. ఆయన వంతు చివర. అదీ చాలనప్పుడు పంతం పక్కనపెట్టి, పిల్లల కడుపు కోసం వెనక్కి వెళ్లి ఆ అమెరికా సైన్యానికే లొంగిపోయాడు. మాకు నాయకుడంటే చివర తినేవాడు, అంతే."

"మా ఇంట్లో ఆ పని అమ్మ చేసేది," అన్నాను. "అందరం లేచాక, గిన్నె అడుగున మిగిలిన అన్నం, ఇంత చారు. కానీ ఆమెని ఎవరూ నాయకురాలు అనలేదు."

"అనకపోతేనేం? నువ్వు నాయకుల ఇంటి పిల్లవే. ఇంకా భయమెందుకు?"

నాకు ఏడుపొచ్చేసింది. లేచి నిలబడి, అందరి ముందూ రెండు చేతులూ చాపాను.

మేం మిస్సిసాగా వెళ్లలేదు. మా ఆయన ఇప్పటికీ చలికాలం వస్తే సణుగుతాడు. డెలోరస్ లేదు, గరిటె నా చేతికొచ్చింది. ఆవిడ పుణ్యమా అని ఈ ఊరు నా ఊరైంది, మా అమ్మ ఎంత పెద్ద మనిషో నాకు తెలిసొచ్చింది. అందరూ తిన్నాక అడుగున మిగిలిన సూప్ పోసుకుంటుంటే కొత్త టీచర్లు అడుగుతుంటారు, "డైటింగా మేడమ్?" అని.

"కాదు, మా ఇంటి అలవాటు," అంటాను.