ఆళ్ళగడ్డ బస్సులో కారు రేసు

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ అయిపోయి మీసం ఇంకా పూర్తిగా కుదురుకోని రోజుల్లో, మనిషికి ఉద్యోగం లేకపోయినా ఫరవాలేదు గానీ ప్రతి విషయం మీదా గట్టి అభిప్రాయం ఉండి తీరాలని నమ్మేవాణ్ణి. అదృష్టవశాత్తూ నాకు రెండూ ఉండేవి. ఉద్యోగం, నంద్యాలలో మా మేనమామ వీడియోగేముల అంగట్లో. అభిప్రాయం, ఆ గేములు తయారుచేసే కంపెనీ మీద. (ఆ కంపెనీ ఏ దేశంలో ఉందో మా ఇద్దరికీ తెలియదు. అయినా సలహాలివ్వడం మానలేదు.) ఇకమీదట ఆ కంపెనీ తన ఆటల్ని టీవీకి తగిలించే తన డబ్బాలోనే కాకుండా మామూలు ఫోన్లలోనూ ఆడుకోనిస్తుందని వార్త వచ్చిన రోజు మామకు అన్నం సయించలేదు.

"కంపెనీకి పిచ్చి పట్టిందిరా అల్లుడా! ఊర్లో ఉండే ఫోన్లన్నిట్లోకీ ఆట ఇడిస్తే డబ్బా ఎవుడు కొంటాడు? మన అంగడికి ఎవుడొస్తాడు?" అన్నాడు.

"డబ్బా కొనలేనోళ్లు ఆడుకోవద్దా మామా? నలుగురికీ అందితేనే ఆటకు పేరు" అన్నాను నేను, కంపెనీ నాకే జీతమిస్తున్నట్టు.

"ఫోన్లో ఆడేది కూడా ఒక ఆటనా?"

అప్పటికి మామ ఆళ్ళగడ్డలో రెండో అంగడి తెరిచి అందులో నన్ను కూర్చోబెట్టాలనుకుంటున్నాడు. నా వాదన నెగ్గితే నా కుర్చీ కాళ్లు నేనే కోసుకున్నట్టని నాకు తట్టనే లేదు. మరునాడు అక్కడ గది చూడటానికి పోవాల్సి ఉంది కాబట్టి పందెం వేసుకున్నాం. బస్సులోంచి నేను ఫోన్లో, అంగట్లోంచి మామ డబ్బాతో, ఒకే కారు రేసు. నేను గెలిస్తే కంపెనీ చేసింది మంచిపనేనని మామ ఒప్పుకోవాలి.

ఫోన్ ఎటు వంచితే కారు అటు తిరుగుతుంది, ఆడుతూనే ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు కూడా. బస్సు శిరివెళ్ల దాటాక రేసు మొదలుపెట్టాం. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా నేను ఒరిగేవాణ్ణి, నా కారు పోయి గోడకు గుద్దుకునేది. "ఏందిరా, గోడకు సున్నం కొడ్తాండావా?" అని ఫోన్లోంచి మామ గొంతు బస్సంతా వినిపించింది. అంతలో కండక్టర్ వచ్చి నిలబడ్డాడు. "ఆ కారు దిగి టికెట్ తీసుకోప్పా. ఈ బండి కూడా పోతాండాది."

జేబులో చెయ్యి పెట్టాలి, ఫోన్ వదల్లేను. పక్కసీట్లో మహానంది నుంచి తిరిగొస్తున్న ఒక అవ్వ ప్రసాదం సంచి కాళ్ల కింద పెట్టుకుని, "ఇట్లా తా, నేను చూస్తాంటాలే" అని లాక్కుంది.

"ఎటు వంచితే అటు పోతాది అవ్వా!"

"ఎద్దులకంటే కష్టమా?"

అవ్వ కుడికి ఒరిగితే ఆ వరుసంతా కుడికి ఒరిగింది. ఎడమకు ఒరిగితే కండక్టర్ కూడా ఎడమకే ఒరిగాడు. వెనక సీట్లవాళ్లు లేచి నిలబడి "పట్టు అవ్వా, పట్టు!" అని అరుస్తున్నారు. "ముందర ఆ ఎర్ర కారోడు ఎవురప్పా? పక్కకు జరగమను, ఆళ్ళగడ్డకు పోవాల!" అని అవ్వ కేక పెట్టింది.

"ఒరేయ్, ఎవురురా ఆ ముసలామె?" అన్నాడు మామ, గాభరాగా.

"ముసలామె అంటాండాడే!" అంటూ అవ్వ ఫోన్‌ను ఇంకాస్త వంచింది. గీత దగ్గర వెంట్రుకవాసిలో మామ కారును దాటేసింది. బస్సులో ఈలలు, చప్పట్లు. సంగతేమిటో తెలియకపోయినా డ్రైవర్ కూడా హారన్ మోగించాడు.

 ఆ గోల తగ్గాక, "ఒప్పుకుంటాండా. ఫోన్లోనూ ఆడొచ్చు. అట్లయితే ఆళ్ళగడ్డలో అంగడెందుకురా? గది చూడాకు, వచ్చేయ్" అన్నాడు మామ. (నా కుర్చీ కాళ్లు విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.)

నా మొహం చూసి సంగతి అడిగి తెలుసుకున్న అవ్వ, మళ్లీ ఫోన్ లాక్కుంది. "ఏమప్పా, ఓడిపోతే అంగడే పెట్టకుండా పోతావా? ఆళ్ళగడ్డకు మా ఇంటికొచ్చి నా పక్కన కూచోని ఆడు. ఓడినోడి మొగం చూడకుండా గెలిస్తే నాకేం కుశాల?"

తర్వాతి బస్సుకే మామ డబ్బాను సంచిలో పెట్టి ఒళ్లో పాపలా పట్టుకుని దిగాడు. అవ్వ ఇంటి నడవాలో టీవీ ముందు మామ, పక్కనే నా ఫోన్ పట్టుకుని అవ్వ, వాకిలి నిండా వీధి జనం. మామ మళ్లీ ఓడాడు. "ఆమె మోచేత్తో పొడ్చిందిరా!" అని నాతో మొరపెట్టుకుంటూనే ఇంకో ఆటకు కూర్చున్నాడు. సాయంత్రానికి ఆ వీధిలోనే గది మాట్లాడేశాం. డబ్బా ఉన్నవాళ్లూ, ఫోన్ ఉన్నవాళ్లూ, ఏదీ లేక అరవడానికి మాత్రమే వచ్చేవాళ్లూ, అందరికీ అక్కడ చోటుండేది.

ఇప్పుడు నేను వేరే ఉద్యోగంలో ఉన్నాను. ఆటలన్నీ నా జేబులోనే ఉన్నాయి. కంపెనీ చేసింది మంచిపనేనని ఈరోజుకీ వాదిస్తాను. కాకపోతే ఎప్పుడైనా రైల్లో ఒక రేసు గెలిచినప్పుడు, ఎవరికైనా చెబుదామని తలెత్తి చూస్తాను. అందరూ ఎవరి ఫోన్లో వాళ్లు గెలుస్తూ ఉంటారు. నెరిసిన మీసం కింద నవ్వుకుని, పక్కన పొడిచేందుకు అవ్వ లేకపోయినా నా మోచెయ్యి నేనే కాస్త దగ్గరికి లాక్కుని, ఇంకో ఆట మొదలుపెడతాను.