దిబ్బెక్కిన మా ఇంటిని దించుకొచ్చిన రోజు

మా ఇంటిని దిబ్బ మీద నుంచి దించుకురావడానికి నేను టెక్కలి వెళ్లాను. ఇల్లు నిజంగా దిబ్బెక్కలేదు. అక్కుపల్లి దాటాక, వానొస్తే పొంగే గెడ్డ వాగుకీ సముద్రానికీ మధ్య, మా మావ కట్టిన చోటనే రేకుల కింద ఉడికిపోతూ ఉంది. ఫోన్లో మాత్రం ఇసుక దిబ్బెక్కి కూర్చుంది.

తుపాను వస్తే ఎవరింటికి నీళ్లొస్తాయో, ఎవరింటికి ముందు బండి పంపాలో చూపించే యాప్ ఒకటి వచ్చింది. అందులో ఇంటికో చుక్క. నీళ్లొచ్చే చోటు ఎరుపు, రాని చోటు పచ్చ. కిందటి వానల్లో మనుషుల్ని తరలించే జీపు మా ఊరికీ వచ్చింది. చుక్క దిబ్బ మీద ఉంది కాబట్టి దిబ్బ పక్క రోడ్డు మీద ఆగి, హారన్ కొట్టి, ఎవరూ లేరని వెళ్లిపోయింది. కింద నేను మోకాలి లోతు నీళ్లలో మా అత్తని వీపున వేసుకుని బడి దాకా మోశాను. ఆవిడకి రెండు మోకాళ్లూ పట్టేశాయి. నోరు మాత్రం బాగా ఆడుతుంది. బడి వచ్చేదాకా నన్నూ, నా పుట్టింటినీ తిడుతూనే ఉంది.

ఇప్పుడు మళ్లీ అయిదు రోజుల్లో వాయుగుండం అన్నారు. ఈసారి నా నడుము ఆవిడని మోయదు. గ్రామ సచివాలయంలో అడిగితే, ఊరూరా తిరిగి ఈ చుక్కలు పెట్టినవాళ్లందరికీ శుక్రవారం టెక్కలిలో ఒక కళ్యాణ మండపంలో శిక్షణ ఉంది, అక్కడికే వెళ్లమన్నారు. మా ఆయన ఉంటే ఆయన్ని పంపేదాన్ని. కిడ్నీలు పాడై ఆయన పోయి ఆరేళ్లయింది. ఉన్నా నన్నే పంపేవాడనుకోండి.

ఇది చెబుతున్నది నేను, రాస్తున్నది మా ఆడపడుచు. నేను అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గరే ఆగిపోయాను. నా మాటల్లో కొన్ని కాగితం మీద బాగోవని తను మింగేస్తోంది.

పొద్దున్న ఆరున్నరకి ఆడపడుచుని అత్త దగ్గర కూర్చోబెట్టి షేర్ ఆటో ఎక్కాను. కాశీబుగ్గకి నలభై రూపాయలు. ముగ్గురు పట్టే సీటులో ఐదుగురం. నా పక్కనామె పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తోంది. జీడి రసానికి వేళ్లన్నీ నల్లబడ్డాయి. నా పని చెప్పాను.

"మా ఫోన్ల పిడుగులు సెప్పేది ఒకటి ఏసినారప్పా," అంది. "మొదటిసారి మోగినపుడు నాను, మా అత్త మంచం కింద దూరిపోనాం. పిడుగు నేదు, గిడుగు నేదు. పొయ్యి మీద పప్పు మాడిపోనాది."

"మరి దాన్ని తీసీనేకపోనావా?"

"ఏల తీసెత్తాను? రెండోసారి మోగినపుడు మా తోటల ఆవు సచ్చిపోనాది."

ఆటోలో అందరూ ఆ ఆవు ఎవరిది, ఎన్ని పాలిచ్చేదని మొదలెట్టారు.

ఏడూ ముప్పావుకి కాశీబుగ్గ బస్సుల కాంప్లెక్స్. బయట బండి మీద నాలుగు ఇడ్లీలు తిన్నాను. చట్నీ నీళ్లలా ఉంది, రెండోసారి అడిగితే మాత్రం మొహం చిట్లించకుండా పోశాడు. ఎనిమిదింపావుకి టెక్కలి వెళ్లే పల్లెవెలుగు. ఆడవాళ్లకి సున్నా టిక్కెట్టు. వెళ్లేవాళ్లు ఆధార్ కార్డు మరిచిపోకండి, చీర చూసి ఆడదని నమ్మరు.

కిటికీ దగ్గర ఒక పెద్దమనిషి ఫోన్లో అదే బొమ్మని వేలితో అటూ ఇటూ లాగుతున్నాడు.

"ఎక్కడికెల్తన్నావు సెల్లెమ్మా?"

"నా ఇల్లు ఎర్రరంగుల ఎయ్యించుకోడానికి అన్నా."

"ఓసి నీ! నాను ఎర్రరంగుల్నుంచి తీయించుకోడానికి ఎల్తన్నాను. ఎరుపు పడినాదని నా కొబ్బరితోట బేరం సెడిపోనాది."

"అయితే నీ ఎరుపు నాకిచ్చీ. నా పచ్చ నువ్వట్టుకుపో."

కాసేపు నిజంగానే ఆలోచించాడు. ఆ తోటలోకి నీళ్లొస్తాయా అని అడిగితే కిటికీ బయటకి చూశాడు.

తొమ్మిదీ పదికి టెక్కలి. కాంప్లెక్స్ నుంచి మండపానికి పది నిమిషాల నడక. లోపల ఎవరిదో పెళ్లి పూలు ఇంకా తీయలేదు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే సింహాసనాల వెనక తెల్ల తెర, దాని మీద మా తీరం. మైకు పట్టుకుని ఒక సారు చెబుతున్నారు. పేర్లు నేను చదవలేను గానీ, సముద్రాన్ని గుర్తుపట్టాను, గెడ్డని గుర్తుపట్టాను. మా ఊరి పద్దెనిమిది ఇళ్లూ పచ్చటి దిబ్బ మీద ఒకదాని మీద ఒకటి, బెల్లానికి చీమలు పట్టినట్టు ఉన్నాయి.

లేచి చెప్పాను. సారు నవ్వారు. "మీది పచ్చ రంగులో ఉందమ్మా. భయపడక్కర్లేదు."

"భయం నాకు కాదు బాబూ. మీ పచ్చరంగు మా గెడ్డకి కనపళ్లేదు, అదీ గొడవ."

హాలంతా నవ్వింది. సారు మైకు పక్కన పెట్టి దగ్గరికొచ్చారు. "ఇక్కణ్ణుంచి జరపడం కుదరదమ్మా. ఫోను ఎక్కడుంటే చుక్క అక్కడే పడుతుంది. ఇప్పుడు నొక్కితే మీ ఇల్లు ఈ మండపంలో పడుతుంది."

"పడనీ. మా అత్తని తెచ్చి ఆ సింహాసనం మీద కూకోబెడతాను. భోజనాలూ ఇక్కడే గదా."

పది రోజుల్లో మనుషుల్ని పంపుతామన్నారు. వాయుగుండం అయిదు రోజుల్లోనే అని చెప్పాను. ఆయన మళ్లీ మైకు దగ్గరికెళ్లారు. నేను మొదటి వరసలో కూర్చున్నాను. లేవలేదు. పన్నెండున్నరకి పులిహోర పొట్లాలు పంచారు, నాకూ ఒకటిచ్చారు.

తింటుంటే ఒక అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. పేరు భవాని. మా ఊళ్లో చుక్కలు పెట్టింది ఈ పిల్లే.

"నువ్వేనేటే నా ఇంటిని దిబ్బెక్కించినావు?"

"మీరే గదత్తా ఎక్కీసినారు," అంది. "మీ ఊర్ల సిగ్నల్ దిబ్బ మీదే. ఇంటింటికీ వత్తానంటే, ఇసకల నడవనేవు కూకోమని అందరూ కార్డులట్టుకుని పైకొచ్చీసినారు. మీరు బొండాం కూడా తెచ్చినారు."

నమలడం ఆపేశాను. నిజమే. మా ఊళ్లో ఫోను మాట్లాడాలంటే దిబ్బెక్కాల్సిందే. పెళ్లి సంబంధాలు, చావు కబుర్లు, అన్నీ అక్కడి నుంచే. పాపం ఎండలో వచ్చిందని ఆ పిల్లని అక్కడే కూర్చోబెట్టి, బొండాం కొట్టి చేతికిచ్చింది నేనే. అందరం వరసగా నిలబడి మా ఇళ్లని దిబ్బ మీద పెట్టించుకుని, చల్లగా దిగొచ్చాం.

"మరి ఇందాక నాను అడుగుతుంటే నోరెత్తలేదేటే?"

"ఉద్దోగం పోద్దేమోనని. ఇప్పుడు సారుకి సెప్పీసినాను. తప్పు నాదే, నేనే ఎల్లి సరిసేసి వత్తానన్నాను. పదత్తా."

ఒకటిన్నర బస్సు. పలాస దాకా నిలబడే వచ్చాం. దారిలో భవాని చెప్పింది, చుక్క పడడానికి టవరు అక్కర్లేదట, అది ఆకాశంలో ఉన్నవాటితో మాట్లాడుకుంటుందట. పంపడానికే సిగ్నల్ కావాలట.

"అయితే ఆ రోజు ఇంటికాడ పెట్టి, దిబ్బెక్కి పంపీవల్సింది గదే?"

"ఈయాల శిక్షణలోనే సెప్పినారత్తా," అంది, నా మొహం చూడకుండా.

ఇలాంటి పని మీద టెక్కలి వెళ్దామనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటి. ముందు మీ గుమ్మంలో నిలబడి ఫోన్లో మీ చుక్క ఎక్కడుందో చూసుకోండి. చదువు రాకపోయినా ఫరవాలేదు, మీ గెడ్డ మీకు తెలుస్తుంది. ఆ ఫోను చెడ్డది కాదు. మనం ఎక్కడ నిలబడితే అదే ఇల్లనుకుంటుంది, అంతే. నిలబడ్డవాళ్లం మనం.

నాలుగింటికి ఊళ్లో ఆటో దిగాం. భవాని చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసుకలో ఇంటింటికీ తిరిగింది. పదిహేడు ఇళ్లు అయ్యాక ఆఖరున మాది. గుమ్మంలో నిలబడి ఫోను చేత్తో పట్టుకుంది. బొమ్మ తిరిగి తిరిగి ఆగింది. చుక్క పడింది. ఎరుపు. ఇంటికి ప్రమాదం ఉందని రాయించుకుని అంత సంబరపడిన మనిషిని నేనే అయ్యుంటాను.

తర్వాత ఆ పిల్ల ఫోను చూసి బయటికే చదివింది. "ఇంట్లో నడవలేనివాళ్లు ఉన్నారా?"

"ఎవర్తే నడవనేనిది?"

మా అత్త. మంచం పట్టె పట్టుకుని లేచింది. పట్టుకోబోయాను, చెయ్యి విదిలించి కొట్టింది. ఒక అడుగేసింది. ఇంకొకటి. మూడోది వేసి గుంజ పట్టుకుంది. గుమ్మం ఇంకా నాలుగు అడుగులుంది. భవాని వేలు ఫోను మీద ఆగిపోయింది. మా ఆడపడుచు తల తిప్పుకుంది. అత్త చాలాసేపు గెడ్డ వైపు చూసింది.

"నొక్కు," అంది. "నొక్కీ గుంటా, సూత్తన్నావేటి?"

నొక్కింది. ఇంకేమైనా రాయాలంటే కింద ఖాళీ ఉందని చెప్పింది.

"నన్ను ఎత్తుకోవద్దని రాయి," అంది అత్త. "నాను మూటనేటి? ఆ బండోడు సెయ్యిత్తే నడిసొత్తాను."

"నా ఈపెక్కినపుడు మూటవి కాదేటి?" అన్నాను.

"నువ్వు కోడలివే. నీకేటి."

భవాని రాసి, దిబ్బెక్కి పంపే ముందు ఆవిడకి చదివి వినిపించింది. చెయ్యి ఇస్తే చాలు, నడిచి వస్తారు.

గుంజ వదలకుండానే, అత్త ఇంకోసారి చదవమంది.